మాసివ్ అన్నాను, డాక్టర్ పరుగెత్తుకొచ్చారు: బిగ్, లార్జ్, హ్యూజ్, వాస్ట్... ఎక్కడ ఏది వాడాలి?

కొల్లేటి పక్షి | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఐర్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను, వచ్చి ఎనిమిది నెలలైంది. మాది ఏలూరు దగ్గర పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు పరీక్ష రాసి పాసయ్యే వచ్చాను, మాట్లాడటానికి భయమేమీ లేదు. కానీ పోయిన వారం జరిగిన సంగతి ఇంకా మనసులోంచి పోవడం లేదు.

నైట్ డ్యూటీలో ఒక పెద్దాయన చేతికున్న క్యాన్యులా (నరంలోకి మందులు ఎక్కించే సన్న గొట్టం) తీశాను. ఆయన రక్తం పలచబడే మందులు వాడుతున్నారు. అరగంట తర్వాత వెళ్లి చూస్తే మణికట్టు పైన చర్మం లోపల రక్తం చేరి, కమిలి, బాగా ఉబ్బి ఉంది. ఒక చేత్తో గాజుగుడ్డ పెట్టి నొక్కుతూనే ఇంకో చేత్తో డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి "మాసివ్ బ్లీడ్ అండర్ ది స్కిన్" అన్నాను. అప్పుడు నా బుర్రలో ఉన్నది "భారీగా కమిలింది" అన్న తెలుగు మాటే.

రెండు నిమిషాలు కాలేదు, ఆయనా, వెనకాల ఇంకో ఇద్దరూ ఎమర్జెన్సీ ట్రాలీ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. పక్క వార్డులో ఒక పేషెంట్‌ని చూస్తూ చూస్తూ మధ్యలో వదిలేసి వచ్చారట. చెయ్యి చూసి, కట్టు కట్టించి, కోప్పడకుండా "దీన్ని లార్జ్ బ్రూయిజ్ అనండి చాలు. మాసివ్ బ్లీడ్ అంటే మాకు వేరే అర్థం" అని చెప్పి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

నాకు ఇవన్నీ "పెద్ద" అనే నేర్పారు. బిగ్ అంటే పెద్ద, లార్జ్ అంటే పెద్ద, హ్యూజ్ అంటే చాలా పెద్ద, మాసివ్ అంటే ఇంకా పెద్ద. నిజంగా తేడా ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.

---

పాత మేష్టారు | మంగళవారం, ఉదయం 6:05

అమ్మా, ముందు ఆ బాధ తీసి పక్కన పెట్టు. ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు చెప్పాను, "బిగ్ అంటే పెద్ద, లార్జ్ అంటే పెద్ద" అని మేమే బోర్డు మీద రాశాం. పొరపాటు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు.

మొదట బిగ్, లార్జ్ సంగతి. కొలిచే వస్తువు దగ్గర రెండూ నడుస్తాయి. బిగ్ హౌస్, లార్జ్ హౌస్ రెండూ సరైనవే. బిగ్ నోటి మాట, లార్జ్ కాస్త కాగితం మీది మాట. కొలత లేని వాటి దగ్గర దారులు వేరు. తప్పు, నిర్ణయం, ఆశ్చర్యం, రోజు, ఇవన్నీ బిగ్‌కే చెందుతాయి. బిగ్ మిస్టేక్ అంటారు, లార్జ్ మిస్టేక్ అనరు. లెక్కకు సంబంధించిన మాటలు వస్తే లార్జ్ ముందుకొస్తుంది: లార్జ్ నంబర్, లార్జ్ అమౌంట్, లార్జ్ క్వాంటిటీ. అమౌంట్, క్వాంటిటీ పక్కన బిగ్ అంతగా అతకదు.

అన్నయ్యని బిగ్ బ్రదర్ అంటాం. లార్జ్ బ్రదర్ అంటే మనిషి లావుగా ఉన్నాడని చెప్పినట్టు. మన పెద్దన్నలో "పెద్ద" వయసు చెబుతోంది కదా, బిగ్‌కి కూడా ఆ గుణం ఉంది. లార్జ్‌కి లేదు.

ఇక గ్రేట్. దాన్ని మనవాళ్లు "గొప్ప" అని మాత్రమే చెప్పి వదిలేస్తారు. అది సగం నిజం. అనుభవించే వాటికి గ్రేట్ పెడతారు: గ్రేట్ డిఫికల్టీ, గ్రేట్ కేర్, గ్రేట్ ప్లెజర్. నువ్వు ఆ పెద్దాయన చెయ్యి పట్టుకున్నది గ్రేట్ కేర్‌తో. బిగ్ కేర్ అనే మాట లేదు.

---

మాటల వేర్లు | మంగళవారం, ఉదయం 8:40

మాష్టారు చెప్పినదానికి కొంచెం చేరుస్తాను. గ్రేట్ మొదట్లో "గొప్ప" కానే కాదు. పాత ఇంగ్లీషులో దాని అర్థం లావైన, మొద్దైన, ముతక. జర్మన్ "గ్రోస్" దీని చుట్టమే. ఆ పాత అర్థం ఊళ్ల పేర్లలో ఇంకా మిగిలి ఉంది. గ్రేట్ బ్రిటన్ అంటే గొప్ప బ్రిటన్ అని చిన్నప్పుడు మనకి చెప్పారు. నిజానికి ఫ్రాన్స్‌లో ఉన్న బ్రిటనీ అనే చిన్న ప్రాంతం నుంచి వేరు చేయడానికి "పెద్ద బ్రిటన్" అన్నారు, అంతే. 1215లో ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం మాగ్నా కార్టా కూడా అలాంటిదే. 1217లో అడవుల మీద ఇంకో చిన్న పత్రం వచ్చింది. దాని పక్కన ఇది పెద్దది కాబట్టి "మాగ్నా" అన్నారు, లాటిన్‌లో పెద్ద అని. గొప్పతనం తర్వాతి తరాలు అంటించినది.

లార్జ్ ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచిలో ఇప్పటికీ "లార్జ్" అంటే వెడల్పైన అని అర్థం. అంతకు ముందు లాటిన్‌లో ధారాళమైన, పుష్కలమైన.

నాకు ఎక్కువ ఇష్టమైనది ఇమెన్స్. లాటిన్‌లో "ఇన్" అంటే లేని, "మెన్సుస్" అంటే కొలిచిన. కలిపితే కొలవనిది. మన "అమిత" చూడండి: "అ" లేనిది, "మిత" కొలిచినది. సంస్కృతంలో "మా" ధాతువు, లాటిన్‌లో "మెన్సుస్", రెండూ ఒకే పాత వేరు నుంచి పుట్టినవి. ఇంగ్లీషువాడు "ఇమెన్స్ జాయ్" అన్నప్పుడు, మనం "అమితానందం" అన్నప్పుడు, వేల ఏళ్ల కింద విడిపోయిన అన్నదమ్ములు ఒకే మాట మాట్లాడుతున్నట్టు ఉంటుంది నాకు. అలాగే మెగా, మహా కూడా ఒక ఇంటివే.

---

డ్యూటీ రూమ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:15

గుంటూరులో ఫిజీషియన్‌ని. కొల్లేటి పక్షి గారూ, మీ డాక్టర్ ఎందుకు పరుగెత్తారో చెప్తాను. అది మీ తప్పు అనే ఉద్దేశంతో కాదు, ఇది తెలిస్తే రేపు మీకే పనికొస్తుంది.

మా వైద్యంలో మాసివ్ అనేది వర్ణన కాదు, ఒక హద్దు. మాసివ్ ట్రాన్స్‌ఫ్యూజన్ అంటే 24 గంటల్లో 10 యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ రక్తం ఎక్కించడం. చాలాచోట్ల పాటించే లెక్క ఇది. "మాసివ్ బ్లీడ్" అని ఫోన్‌లో వినబడితే బ్లడ్ బ్యాంకు దాకా కబురు పోతుంది.

ఇంకో ఉదాహరణ. ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ వెళ్లి అడ్డుపడితే పల్మనరీ ఎంబాలిజం అంటాం. అందులో "మాసివ్" అనేది ఎప్పుడు? గడ్డ పెద్దగా ఉన్నప్పుడు అనుకుంటారు అందరూ. కాదు. పేషెంట్ బీపీ పడిపోయినప్పుడు, పై అంకె 90 కంటే కిందకి దిగి నిలబడిపోయినప్పుడు. స్కాన్‌లో గడ్డ ఎంత పెద్దగా కనబడినా బీపీ నిలకడగా ఉంటే దాన్ని మాసివ్ అనం. అక్కడ ఆ మాట కొలుస్తున్నది సైజుని కాదు, ప్రమాదాన్ని.

మాటల వేర్లు గారు లార్జ్ అంటే వెడల్పు అన్నారు కదా, నాకు వెంటనే పేగులు గుర్తొచ్చాయి. లార్జ్ ఇంటెస్టైన్ పొడవు సుమారు మీటరున్నర. స్మాల్ ఇంటెస్టైన్ ఆరు మీటర్ల దాకా ఉంటుంది. నాలుగు రెట్లు పొడవున్నది స్మాల్ ఎలా అయిందని ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. వెడల్పుని బట్టి పెట్టిన పేరది. కాలి బొటనవేలిని గ్రేట్ టో అని రాస్తాం, మామూలు మనుషులు బిగ్ టో అంటారు. లార్జ్ టో అని ఎవరూ అనరు.

---

చిన్నూ వాళ్లమ్మ | మంగళవారం, రాత్రి 9:10

ఈ చర్చ మా ఇంట్లో చదివి వినిపించాను. మా వాడు ఆరో తరగతి. "వెరీ హ్యూజ్" అని రాస్తే టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు. నాకు తప్పు కనబడలేదు. చెప్పగలరా?

---

పాత మేష్టారు | మంగళవారం, రాత్రి 9:45

అమ్మా, హ్యూజ్‌లో "చాలా" అప్పటికే కలిసి ఉంది. బిగ్‌కి మెట్లుంటాయి: బిగ్, వెరీ బిగ్, టూ బిగ్. హ్యూజ్, ఎనార్మస్, జైగాంటిక్ ఇవి చివరి మెట్టు మీద నిలబడ్డ మాటలు. వాటికి వెరీ అతకదు. బలం కావాలంటే ఆబ్సొల్యూట్లీ హ్యూజ్, రియల్లీ హ్యూజ్ అంటారు.

చిన్నూకి తెలుగులో ఇలా చెప్పండి. "చాలా పెద్ద ధైర్యం" అనొచ్చు. "చాలా కొండంత ధైర్యం" అంటామా? అనం. కొండంత అన్నాక ఇక పైన ఏముంది?

---

చిప్ డిజైనర్ | బుధవారం, ఉదయం 7:30

మాష్టారూ, చిన్న భిన్నాభిప్రాయం. ఇక్కడ ఆఫీసులో ఇంగ్లీషువాళ్లే "వెరీ హ్యూజ్" అనడం విన్నాను. మాట్లాడేటప్పుడు జనం అంత నియమం పాటించరు. పరీక్షలో, ఉత్తరంలో మాత్రం మీరు చెప్పిందే సరి.

లార్జ్ కాగితం మీది మాట అన్నది మా ఫీల్డ్‌లో బాగా కనబడుతుంది. ఈసీఈ చదివినవాళ్లందరికీ వీఎల్ఎస్ఐ తెలుసు: వెరీ లార్జ్ స్కేల్ ఇంటిగ్రేషన్, అంటే ఒకే చిప్ మీద బోలెడన్ని ట్రాన్సిస్టర్లు ఇమడ్చడం. స్కేల్ పక్కన ఎక్కువగా వినబడేది లార్జే. చిలీలో 8.2 మీటర్ల అద్దాలు నాలుగున్న టెలిస్కోప్ పేరే వెరీ లార్జ్ టెలిస్కోప్. ఇప్పుడు కడుతున్న 39 మీటర్ల అద్దం దానికి ఎక్స్‌ట్రీమ్లీ లార్జ్ టెలిస్కోప్ అని పెట్టారు. శాస్త్రవేత్తలు ఇంత భారీ యంత్రానికి హ్యూజ్ అని పెట్టలేదు చూడండి. లార్జ్‌కి మెట్లు వేసుకుంటూ పోయారు.

జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో ఉన్నది లార్జ్ హాడ్రాన్ కొలైడర్. హాడ్రాన్లంటే ప్రోటాన్ లాంటి కణాలు, కొలైడర్ అంటే వాటిని ఢీకొట్టించే యంత్రం. అక్కడ పెద్దది కొలైడర్, హాడ్రాన్ కాదు. అదే విశ్వం పుట్టుకకి వస్తే బిగ్ బ్యాంగ్. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ 1949లో బీబీసీ రేడియోలో మాట్లాడుతూ అన్న మాట అది, అంటే నోటి మాట. అందుకే బిగ్. ఇప్పుడు బిగ్ డేటా అంటున్నాం, లాంగ్వేజ్ మోడల్‌కి మాత్రం లార్జ్ అంటున్నాం. ఒకటి వ్యాపారుల నోట నలిగింది, ఇంకోటి పరిశోధన పత్రాల్లోంచి వచ్చింది.

---

పాత మేష్టారు | బుధవారం, ఉదయం 7:50

భేష్ నాయనా. నీ మాటకి ఇంకో సాక్ష్యం: లండన్‌లోని ఆ గంట. 13.7 టన్నులు. దాని అసలు పేరు గ్రేట్ బెల్, జనం పెట్టుకున్న ముద్దు పేరు బిగ్ బెన్. వస్తువు ఒకటే. రికార్డులో గ్రేట్, వీధిలో బిగ్.

---

న్యూస్ డెస్క్ | బుధవారం

ఎడిషన్ పంపేసి ఇప్పుడే కూర్చున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లీషు వార్తలు తెలుగు చేస్తున్నాను. అక్క రాసిన "భారీగా కమిలింది" చదివి ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆ "భారీ"ని ఇంటింటికీ పంచింది మేమే.

మా డెస్క్‌లో హ్యూజ్ వచ్చినా, మాసివ్ వచ్చినా, ఎనార్మస్ వచ్చినా చెయ్యి దానంతటదే భారీ అని టైప్ చేస్తుంది. భారీ బడ్జెట్, భారీ అంచనాలు, భారీ తేడా, భారీ స్పందన. అసలు ఆ మాటలో ఉన్నది బరువు. భారం నుంచి వచ్చింది, హిందీ దారిలో మనకు చేరింది. భారీ వర్షం మాత్రం సరైన వాడకం, ఇంగ్లీషులోనూ అది హెవీ రెయిన్. వాతావరణ శాఖ దానికి అంకెలు కట్టింది: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. డాక్టర్ గారు చెప్పినట్టు ఇక్కడ కూడా మాటకి హద్దు ఉంది. అది తెలియకుండా గంట జల్లుకి "అతి భారీ వర్షం" అని హెడ్డింగ్ పెట్టిన రోజులున్నాయి మా దగ్గర. జనం ఊళ్లు వదలాలా వద్దా అని చూసుకునే మాట అది.

ఇంకో గండం ఎనార్మిటీ. ఎనార్మస్ నుంచి వచ్చింది కాబట్టి "భారీతనం" అనుకుంటాం. "ది ఎనార్మిటీ ఆఫ్ ది క్రైమ్" అంటే నేరం సైజు కాదు, ఘోరం. ఈ మధ్య సైజుకి కూడా వాడేస్తున్నారు గానీ జాగ్రత్తగా రాసేవాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు. మీరు రాయాల్సి వస్తే దాని జోలికి పోకండి.

---

మాటల వేర్లు | బుధవారం, ఉదయం 9:00

న్యూస్ డెస్క్ గారు ఎనార్మస్ ఎత్తారు కాబట్టి: లాటిన్‌లో "నోర్మా" అంటే వడ్రంగి మూలమట్టం. నార్మల్ దాన్నుంచే వచ్చింది. "ఎ" అంటే బయట. మూలమట్టానికి అందకుండా బయటకి పోయింది ఎనార్మస్. మొదట్లో కట్టు తప్పిన, దుర్మార్గమైన అనే అర్థం కూడా ఉండేది. ఎనార్మస్ దాన్ని వదిలేసింది, ఎనార్మిటీ పట్టుకుని కూర్చుంది.

మాసివ్‌లో ఉన్నది మాస్, ముద్ద. గ్రీకులో "మాజా" అంటే పిసికిన బార్లీ పిండి ముద్ద. కాబట్టి మాసివ్ అనగానే నిండుగా, గట్టిగా, బరువుగా ఉండాలి.

---

కదిరి వాసి | బుధవారం, మధ్యాహ్నం 12:20

నాదీ ఒక సందేహం. మా దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది, ఊడలన్నీ కలిసి ఐదెకరాల దాకా పరుచుకుని ఉంటుంది. స్కూలు మ్యాగజైన్‌కి మా అమ్మాయి "వాస్ట్ ట్రీ" అని రాసింది. నాకు బాగానే అనిపించింది, ఐదెకరాలు కదా. వాళ్ల సార్ మార్చి "హ్యూజ్ ట్రీ" అని వేశారు. ఎవరు కరెక్టు?

---

మాటల వేర్లు | బుధవారం, మధ్యాహ్నం 1:05

సార్ మార్చింది సరైనదే, కానీ అమ్మాయి చూపు చాలా మంచిది. వాస్ట్ అంటే లాటిన్‌లో ఖాళీ, పాడుబడ్డ, నిర్మానుష్యం. వేస్ట్, డివాస్టేట్ దీని బంధువులే. అందుకే వాస్ట్ ఎక్కడ వస్తుందంటే ఎడారి, సముద్రం, ఆకాశం, మైదానం. మనం "కనుచూపు మేర బయలు" అంటామే, అది. ఒక వస్తువుని, మనిషిని, జంతువుని చూపించి వాస్ట్ అనడం అరుదు. వాస్ట్ ఎలిఫెంట్ అని వినం. ఏనుగు చుట్టూ అంచు ఉంది, వాస్ట్‌కి అంచు కనబడకూడదు.

చెట్టు ఒక వస్తువు, కాబట్టి హ్యూజ్, ఎనార్మస్. కానీ ఆ చెట్టు కిందకి వెళ్లి నిలబడితే ఏది మొదటి మానో, ఏది ఊడో తెలియదు, చివర కనబడదు. అక్కడ "ఎ వాస్ట్ కానపీ" (కొమ్మల పందిరి) అంటే చక్కగా కుదురుతుంది. మాను వదిలి నీడ గురించి రాయమనండి.

మీ పక్కనే లేపాక్షి ఉంది. ఏకశిలా నంది, ఎత్తు నాలుగున్నర మీటర్లు, పొడవు ఎనిమిది మీటర్ల పైన. దాన్ని హ్యూజ్ అన్నా తప్పులేదు. కానీ మాసివ్ అనే మాట దానికోసమే పుట్టినట్టుంటుంది: ఒకే రాయి, లోపలా బయటా రాయే, చెయ్యి వేస్తే ఆ బరువు తెలుస్తుంది. మర్రిమానుకి ఆ మాట పెట్టబుద్ధి కాదు, గాలి ఆడుతుంది కదా దాని మధ్యలో.

---

కదిరి వాసి | బుధవారం, మధ్యాహ్నం 1:40

సంతోషం అండీ. ఇప్పుడే అమ్మాయికి చెప్పాను, "నీడ గురించి వాస్ట్ అని రాస్తా" అంది.

---

చిప్ డిజైనర్ | బుధవారం, సాయంత్రం 6:15

అయితే "వాస్ట్ ఎక్స్‌పీరియన్స్" సంగతి? మా రెజ్యూమేల్లో అందరం అదే రాస్తాం.

---

పాత మేష్టారు | బుధవారం, సాయంత్రం 7:00

వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. అనుభవాన్ని, జ్ఞానాన్ని నేలలాగా పరుచుకున్నట్టు ఊహించుకుని వాస్ట్ అంటారు. అయితే అది ఇంకొకరు మన గురించి అనాల్సిన మాట. మూడేళ్లు పనిచేసినవాడు తనకి తనే వాస్ట్ అని రాసుకుంటే, చదివేవాడు ఆ మూడేళ్లని చూసి తక్కువ చేస్తాడు. "త్రీ ఇయర్స్" అని రాస్తే చాలు, ఎవరూ కాదనలేరు.

కొలోసల్, జైగాంటిక్ గురించి ఎవరూ అడగలేదు గానీ ఒక్క ముక్క. రెండూ ఆకారం ఉన్న మాటలు. జైగాంటిక్‌లో రాక్షసుడున్నాడు. కొలోసల్‌లో గ్రీసు దేశపు రోడ్స్ దీవిలో నిలబెట్టిన కొలోసస్ అనే విగ్రహం ఉంది. సుమారు 33 మీటర్లు, క్రీస్తుపూర్వం 226లో భూకంపానికి కూలింది. కొలోసల్ ఫెయిల్యూర్ అన్నప్పుడల్లా నాకు మోకాళ్ల దగ్గర విరిగి పడ్డ ఆ విగ్రహమే కళ్లముందు ఉంటుంది.

---

డ్యూటీ రూమ్ | బుధవారం, రాత్రి 10:30

మాష్టారు "త్రీ ఇయర్స్ అని రాస్తే చాలు" అన్నారే, అక్కకి నేను చెప్పాలనుకున్నదీ అదే. పక్షి గారూ, వార్డులో ఏ విశేషణమూ వద్దు. టేపు పెట్టండి. ఇన్ని సెంటీమీటర్లు పొడవు, ఇన్ని వెడల్పు, అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి టైమ్ వేయండి. గంట తర్వాత గీత దాటిందా లేదా చూడండి. ఫోన్‌లో ఆ అంకె, బీపీ, పల్స్ చెప్పండి. అప్పుడు నడిచి రావాలో పరుగెత్తాలో డాక్టర్‌కి తెలుస్తుంది. మాసివ్ అన్న మాటని బీపీ పడిపోయిన రోజు నిస్సంకోచంగా వాడండి, ఆ రోజు వెనకాడకూడదు.

---

కొల్లేటి పక్షి | శుక్రవారం, ఉదయం 5:40

అందరికీ ధన్యవాదాలు. రెండు రోజులు డ్యూటీలో ఉండి రాయలేకపోయాను. మాష్టారూ, "మేమే బోర్డు మీద రాశాం" అని మీరు అన్నప్పుడు కళ్లు చెమర్చాయి.

నిన్న రాత్రి ఇంకో పేషెంట్, ఈసారి ఒక బామ్మగారు. మంచం దిగుతూ మోకాలు తగిలించుకున్నారు. టేపు పెట్టాను. గీత గీసి పక్కన 02:10 అని రాశాను. ఫోన్‌లో "బ్రూయిజ్, సిక్స్ బై ఫోర్ సెంటీమీటర్స్, బీపీ 128 బై 76, పల్స్ 80, ఆన్ బ్లడ్ తిన్నర్స్" అని చెప్పాను. అదే డాక్టర్ ఫోనెత్తారు. "ఓకే, పది నిమిషాల్లో వస్తాను" అన్నారు, పది నిమిషాలకే నడుచుకుంటూ వచ్చారు. మోకాలు చూశారు, గీత చూశారు, టైమ్ చూశారు. నోట్స్‌లో నేను రాసింది చదివి, కింద సంతకం పెట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడే మళ్లీ వెళ్లి చూసొచ్చాను. గీత దాటలేదు.